ఎవరి రాత, ఎవరి పేరు?

గ్రంథచౌర్యం మాట ఎత్తినప్పుడల్లా మనవాళ్ళు దాన్ని నీతిబోధగా మార్చేస్తారు. కాలం చెడిపోయింది, వెనకటి పండితుల నిష్ఠ ఇప్పటివాళ్ళకి లేదు అని ఒక నిట్టూర్పు విడిచి ఊరుకుంటారు. ఈ నిట్టూర్పు మీద నాకు నమ్మకం లేదు. ఒకరి శ్రమ ఇంకొకరి పేరు మీద చెలామణి కావడం కేవలం వ్యక్తుల గుణదోషాల వల్ల జరిగేదైతే, అది ఏ వైపునించి ఏ వైపుకైనా జరగాలి. చరిత్ర చూస్తే ఎక్కువసార్లు అది ఒకే దిక్కుగా జరిగింది. కిందివాడి రాత పైవాడి పేరులోకి పోయింది. పైవాడి రాతను కిందివాడు తీసుకుంటే దానికి కాపీ అని పేరు, దానికి శిక్ష. పైవాడు తీసుకుంటే అదే పనికి మార్గదర్శకత్వమనీ, సంపాదకత్వమనీ, ఒక్కోసారి పాండిత్యమనీ పేరు. ఈ తేడా ఎక్కడ పుట్టింది, ఎలా నిలిచింది అన్నదే ఇక్కడ నేను చర్చించదలచుకున్న విషయం.

ముందుగా ఇప్పటి సంగతి. 2018 జూలైలో యు.జి.సి. ఉన్నత విద్యాసంస్థలకి గ్రంథచౌర్య నివారణ నిబంధనలు చేసింది. వాటి ప్రకారం ఒక రచనలో ఇతరుల రచనలతో పోలికలు 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఒక మెట్టు, 40 దాటి 60 దాకా రెండో మెట్టు, 60 దాటితే మూడో మెట్టు. లోకమంతటికీ తెలిసిన మాటలు, యాదృచ్ఛికంగా కలిసిన మాటలు వరసగా 14 దాకా ఉంటే లెక్కలోకి రావు. లెక్క కట్టేది కంప్యూటరు. కిరాణా కొట్టులో కాటా మీద బెల్లం తూచినట్టుగా ఉంది ఈ పద్ధతి. మాటలు తూకానికి వస్తాయి కాబట్టి తూచారు. ఆలోచన తూకానికి రాదు కాబట్టి దాన్ని వదిలేశారు.

తూకం మాట అలా ఉంచి శిక్షలు చూడండి. పరిశోధక విద్యార్థి మూడో మెట్టు మీద దొరికితే అతని రిజిస్ట్రేషను రద్దవుతుంది. నాలుగైదేళ్ళ బతుకు గంగలో కలిసినట్టే. అదే మెట్టు మీద ఆచార్యుడు దొరికితే ఆ రచనను వెనక్కి తీసుకోవాలి, వరసగా రెండు ఇంక్రిమెంట్లు పోతాయి, మూడేళ్ళపాటు కొత్త విద్యార్థులకి గైడుగా ఉండకూడదు. మళ్ళీ మళ్ళీ దొరికితేనే ఉద్యోగం దాకా వస్తుంది. నేరం ఒకటే, శాతం ఒకటే. ఒకరికి పీక తెగితే ఇంకొకరికి జేబు చిరుగుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. తన థీసిస్ తన సొంతమని విద్యార్థి రాసివ్వాలి. తన దగ్గర పనిచేసిన విద్యార్థి థీసిస్‌లో చౌర్యం లేదని గైడు ధ్రువపత్రం ఇవ్వాలి. తన విద్యార్థి రాతలోంచి తానేమీ తీసుకోలేదని గైడు ఎవరికీ రాసివ్వనక్కరలేదు. అలాంటి కాగితం అవసరమన్న ఊహే నిబంధనలు చేసినవారికి రాలేదు. ఫిర్యాదు వస్తే మొదట విచారించే సంఘానికి అధ్యక్షుడు ఆ శాఖాధిపతి.

ఇది యు.జి.సి. కొత్తగా కనిపెట్టిన న్యాయం కాదు. దీని వయసు కనీసం వెయ్యేళ్ళు.

పదో శతాబ్ది తొలినాళ్ళలో కనోజి ప్రతీహారుల ఆస్థానంలో ఉన్న రాజశేఖరుడు కావ్యమీమాంస రాశాడు. చాలాకాలం పండితలోకానికి కనబడకుండా ఉండి, 1916లో బరోడా గైక్వాడ్ ప్రాచ్యగ్రంథమాలలో మొదటి పుస్తకంగా అచ్చయింది. అందులో హరణం గురించే, అంటే ఇతర కవుల శబ్దాన్నీ అర్థాన్నీ ఎత్తుకోవడం గురించే, ప్రత్యేకంగా అధ్యాయాలున్నాయి. మన అలంకారికుల్లో ఈ విషయాన్ని ఇంత తీరిగ్గా, ఇంత మొహమాటం లేకుండా చర్చించినవాడు మరొకడు లేడు. కవులూ వర్తకులూ ఇద్దరూ ఏదో మేరకు దొంగలే, దాచుకోవడం తెలిసినవాడు గౌరవంగా బతుకుతాడు అన్న ధోరణి అతనిది. కవుల్ని ఉత్పాదకుడు, పరివర్తకుడు, ఆచ్ఛాదకుడు, సంవర్గకుడు అని నాలుగు రకాలు చేశాడు. కొత్తగా పుట్టించేవాడు, ఉన్నదాన్ని మార్చేవాడు, తెచ్చుకున్నదాన్ని కప్పిపుచ్చేవాడు, పట్టపగలే మూటగట్టేవాడు అన్నమాట. మన విశ్వవిద్యాలయాల ప్రచురణల జాబితాలు ముందు పెట్టుకుని ఈ నాలుగు గళ్ళూ నింపుకుంటూ పోవచ్చు. మొదటి గడి నింపడమే కష్టం.

ఈ వర్గీకరణ కన్నా నన్ను ఆకట్టుకున్నది ఇంకొకటి. రాజశేఖరుడి భార్య అవంతిసుందరి. విదుషీమణి. ఆమె అభిప్రాయాల్ని అతను పేరు చెప్పి మరీ ఉదాహరిస్తాడు. (ఆనాటి పండితుడు భార్య ఆలోచనను ఆమె పేరుతోనే నమోదు చేశాడు. ఈనాటి ఆచార్యుల్లో ఎందరు ఆ పని చేశారో, భార్యలు శుద్ధప్రతులు రాసిపెట్టిన పుస్తకాల పీఠికలు చూస్తే తెలుస్తుంది.) మాటల దొంగతనం మచ్చ తరాలు గడిచినా పోదనే లోకాభిప్రాయాన్ని ముందు పెట్టి, దానికి జవాబుగా అవంతిసుందరి వాదాన్ని రాజశేఖరుడు ఇస్తాడు. ఎప్పుడు ఎత్తుకోవచ్చో ఆమె చెప్పిన కారణాల సారాంశం ఇది: అవతలివాడికి పేరు లేదు, నాకుంది. అతనికి ప్రతిష్ఠ లేదు, నాకుంది. అతని పలుకు తిప్పతీగలా చేదు, నాది ద్రాక్షపండు. అతని భాషకి ఆదరం లేదు. ఈ రచన తెలిసినవాళ్ళు పోయారు. దీన్ని రాసినవాడు దూరదేశంలో ఉన్నాడు. ఇలాంటి కారణాలుంటే శబ్దాన్నయినా అర్థాన్నయినా నిస్సంకోచంగా తెచ్చుకోవచ్చు.

ఆమె ఈ మాట నిజంగానే అందో, ఆస్థానకవుల నడవడి చూసి వ్యంగ్యంగా అందో పండితులు తేల్చుకోవచ్చు. నాకు కావలసింది ఆ జాబితా. అందులో ఒక్క సాహిత్య కారణమైనా ఉందా? చేదు, ద్రాక్ష అన్న పోలిక తప్ప మిగతావన్నీ సామాజిక కారణాలు. పేరు, ప్రతిష్ఠ, భాషకున్న ఆదరం, మనిషి అందుబాటులో లేకపోవడం, సాక్షులు చచ్చిపోవడం. ఎవరి సొత్తు తీసుకుంటే ఎవరూ అడగరో, ఆ సొత్తు తీసుకోవచ్చు. విద్యారంగంలో గ్రంథచౌర్యానికి ఇంతకన్నా నిక్కచ్చి అయిన నిర్వచనం నాకు వెయ్యేళ్ళలో ఎక్కడా కనబడలేదు. పదకొండువందల ఏళ్ళ కిందటి ఆ స్త్రీ చెప్పిన కారణాల్ని పట్టుకుని ఆధునిక కాలంలోకి వద్దాం.

వచ్చే ముందు ఒక అపోహ తొలగించాలి. తెలుగు కావ్యమంతా సంస్కృతం నించి ఎత్తుకొచ్చిందే కదా, మనకి మౌలికత మాట్లాడే హక్కెక్కడిది అని ఎత్తిపొడిచేవాళ్ళున్నారు. నన్నయ భారతం తెనిగిస్తున్నానని చెప్పే తెనిగించాడు. వ్యాసుడి పేరు దాచలేదు. ఒకే కథను పదిమంది చెప్పడం ఆనాటి సాహిత్యోత్పత్తి పద్ధతి. ఇద్దరు కవుల మధ్య పోలికలు అద్దంలో నీడలాంటివా, చిత్తరువులాంటివా, ఒకే పోలికలున్న ఇద్దరు మనుషుల్లాంటివా అని ఆనందవర్ధనుడు విడదీసి చూశాడు. మూడో రకాన్ని ఆహ్వానించాడు కూడా. మన వ్యాకరణ చరిత్రలో అయితే తలకిందుల చోద్యం ఒకటుంది. ఆంధ్రశబ్దచింతామణిని నన్నయదే అన్నారు. దాన్ని భీమకవి గోదావరిలో కలిపేస్తే సారంగధరుడి దయవల్ల బతికి బాలసరస్వతికి అందిందని పదిహేడో శతాబ్దిలో అప్పకవి కథ చెప్పాడు. అది నన్నయది కాదని తర్వాతి విమర్శకుల్లో చాలామంది వాదించారు. అంటే ఎవరో పండితుడు తన రాతను పెద్దాయన పేరు మీద చలామణి చేశాడన్నమాట. ఇక్కడా సూత్రం అదే. పేరున్నవాడి పేరు ఉంటేనే రాతకి విలువ. ఒకడు రాత ఎత్తుకుంటాడు, ఒకడు పేరు అరువు తెచ్చుకుంటాడు.

అచ్చుయంత్రం, జీతం, డిగ్రీ ఈ మూడూ వచ్చాక సంగతి మారిపోయింది. రాతకి పేరు తగిలించడమంటే ఉద్యోగమూ పదోన్నతీ తగిలించడమయింది. మన దేశంలో ఆ పని మొదలైంది కుంపిణీ కచేరీల్లో.

ఏలూరు నియోగులు కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. కల్నల్ మెకంజీ దక్షిణదేశమంతా తిరిగి పోగుచేసిన కైఫీయతులూ శాసనాలూ రాతప్రతులూ నిజానికి ఈ అన్నదమ్ములూ వీళ్ళ కింది గుమాస్తాలూ ఊరూరా తిరిగి పోగుచేసినవి. కరణాల చేత కవిలెలు విప్పించింది వాళ్ళు, పూజారుల్ని ఒప్పించింది వాళ్ళు, చదివి ఇంగ్లీషులో సారాంశం రాసింది వాళ్ళు. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే పోయాడు. అతను లేకపోతే తనకి ఈ దేశపు విజ్ఞానంలోకి దారి దొరికేది కాదన్న అర్థంలో మెకంజీ స్వయంగా ఉత్తరం రాశాడు. ఆ మేరకు ఆయన నిజాయితీ గలవాడే. కాని ఆ సేకరణ పేరు నేటికీ మెకంజీ సేకరణ. 1821లో మెకంజీ పోయాక, ఆగిపోయిన పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య 1830లలో అర్జీ పెట్టుకున్నాడు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శి ప్రిన్సెప్ దాన్ని ఒప్పుకోలేదు. ఇతను సాయపడడానికి పనికొస్తాడు గాని పని నడిపే తలకాయ కాదని ఆయన అభిప్రాయం. ముప్పై ఏళ్ళు ఆ పని నడిపినవాడి గురించి అన్న మాట అది. మూడో తమ్ముడు రామస్వామి మాత్రం 1829లో కలకత్తాలో దక్కను కవుల చరిత్ర ఇంగ్లీషులో తన పేరుతోనే అచ్చు వేసుకున్నాడు. ఆ పుస్తకంలో తప్పులున్నాయి. అయినా ఆ ముఖపత్రం మీద ఒక తెలుగువాడి పేరు ఉండడాన్ని నేను చిన్న విషయంగా చూడలేను.

దీనికన్నా పెద్ద సంగతి ద్రావిడ భాషాకుటుంబం కథ. ఎం.ఏ.లో భాషాశాస్త్రం చదువుకున్న మనందరికీ కాల్డ్వెల్ పేరు కంఠతా వచ్చు. ఆయన తులనాత్మక వ్యాకరణం 1856లో వచ్చింది. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం పిల్లలు కావనీ, వాటిది వేరే కుటుంబమనీ అంతకి నలభై ఏళ్ళ ముందే, 1816లో, మద్రాసు కలెక్టరు ఎల్లిస్ నిరూపించాడు. కాంప్‌బెల్ దొర తెలుగు వ్యాకరణానికి ముందు చేర్చిన వ్యాసంలో ఆ నిరూపణ ఉంది. సరే, ఎల్లిస్ దేని మీద నిలబడి నిరూపించాడు? సెంట్ జార్జి కోట కళాశాలలో తెలుగు ప్రధాన పండితుడు వేదం పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల పట్టిక మీద. బందరు వాస్తవ్యుడు మామిడి వెంకయ్య తన ఆంధ్రదీపిక నిఘంటువుకి రాసుకున్న పీఠికలోని తత్సమ, తద్భవ, దేశ్య విభాగం మీద. ఆ దేశ్యమనే గడిని మన వ్యాకర్తలు అంత కచ్చితంగా విడదీసి పెట్టి ఉండకపోతే, సంస్కృతంతో సంబంధం లేని మూలధాతువుల్ని వేరుచేసి తమిళ కన్నడాలతో పోల్చడం ఏ దొరకీ సాధ్యమయ్యేది కాదు.

ఎల్లిస్ ఆ ఇద్దరి పేర్లూ చెప్పాడు. వాళ్ళ రచనల భాగాలు తన వ్యాసంలో పెట్టి ఇది ఫలానావారిదని రాశాడు. ఎల్లిస్ 1819లో పోయాడు. కాల్డ్వెల్ పుస్తకం వచ్చాక ఎల్లిస్ ఒక చిన్న ప్రస్తావనగా మిగిలాడు. ఎల్లిసే మిగలనిచోట పట్టాభిరామశాస్త్రీ, కోమటి కులంలో పుట్టి శాస్త్రం చదువుకున్న వెంకయ్యా ఎక్కడ మిగులుతారు? థామస్ ట్రౌట్‌మన్ అనే అమెరికా చరిత్రకారుడు 2006లో పుస్తకం రాసి ఈ పొరలన్నీ విప్పేదాకా, తెలుగుదేశంలో భాషాశాస్త్రం పాఠం చెప్పేవాళ్ళలో కూడా ఈ సంగతి ఎరిగినవారు బహు కొద్దిమంది. నేను చదువుకునేటప్పుడు ఆ ఇద్దరి పేర్లూ నా చెవిన పడలేదు. కాల్డ్వెల్ మీద కేసు పెట్టాలని నా ఉద్దేశం కాదు. ఆయన కృషి ఆయనది. అది ఎల్లిస్ వ్యాసం కన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఎవరూ ఏ వాక్యమూ దొంగిలించకుండానే ఒక మౌలికమైన ఆవిష్కరణ దాని మూలకర్తల చేతుల్లోంచి జారిపోవచ్చుననే నేను చెబుతున్నాను. శాతాల యంత్రానికి ఇక్కడ చిక్కేది సున్న.

ఇక మన దేశపు విశ్వవిద్యాలయాల చరిత్రలో అన్నిటికన్నా పెద్ద వివాదానికి వస్తాను. దీని గురించి తెలుగులో గుసగుసలే గాని నిదానంగా మాట్లాడినవాళ్ళు తక్కువ. కారణం స్పష్టమే. అందులో ఒక పక్షం సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన పుట్టినరోజున, సెప్టెంబరు 5న, 1962 నించి దేశమంతా ఉపాధ్యాయ దినోత్సవం చేస్తోంది. మా బడిలో ఆయన పటానికి దండ వేసే పని ఏటా నా వంతుకే వస్తుంది.

రాధాకృష్ణన్ 1921లో కలకత్తా విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్ర పీఠానికి ఆచార్యుడుగా వెళ్ళారు. ఆ రోజుల్లో జదునాథ్ సిన్హా అనే యువకుడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ పరిశోధక వేతనం కోసం భారతీయ తత్వంలో ప్రత్యక్షజ్ఞాన స్వరూపం గురించి థీసిస్ రాసి, 1922 మొదలు కొన్నేళ్ళపాటు భాగాలుగా సమర్పించాడు. పరీక్షకుల్లో రాధాకృష్ణన్ ఒకరు. 1927లో రాధాకృష్ణన్ ఇండియన్ ఫిలాసఫీ రెండో సంపుటం లండన్‌లో అచ్చయింది. సిన్హా అప్పటికి మీరట్ కళాశాలలో లెక్చరరు. ఆ సంపుటంలో తన థీసిస్ భాగాలు ఉన్నాయని అతను ఆరోపించాడు. 1929 జనవరి నించి ఏప్రిల్ దాకా మోడరన్ రివ్యూలో ఉత్తరాలు రాసి, రెండు రచనల్నీ పక్కపక్కన పెట్టి చూపించాడు. పత్రిక సంపాదకుడు రామానంద ఛటర్జీ ఆ ఉత్తరాలనూ రాధాకృష్ణన్ సమాధానాలనూ అచ్చువేశాడు. ఆ ఆగస్టులో సిన్హా కలకత్తా హైకోర్టులో 20,000 రూపాయల నష్టపరిహారానికి దావా వేశాడు. రాధాకృష్ణన్ సిన్హా మీదా రామానంద ఛటర్జీ మీదా లక్ష రూపాయలకి పరువునష్టం దావా వేశారు.

రాధాకృష్ణన్ పక్షం వాదన తోసిపారేయదగింది కాదు. ఇద్దరం ఒకే సంస్కృత గ్రంథాల్ని అనువదించి రాస్తున్నప్పుడు, పారిభాషిక పదాలు అవే, క్రమం అదే అయినప్పుడు వాక్యాలు కలవడం సహజమని ఆయన అన్నారు. పుస్తకం 1924 నాటికే సిద్ధమైందనీ, గ్రంథమాల సంపాదకుడు మ్యూర్‌హెడ్ అమెరికా వెళ్ళడంతో అచ్చు ఆలస్యమైందనీ కూడా అన్నారు. సంస్కృతం నించి శాస్త్రగ్రంథం అనువదించి చూసినవాళ్ళకి మొదటి వాదనలోని బలం తెలుస్తుంది. న్యాయ, మీమాంసా పరిభాషని ఇంగ్లీషులో పెట్టడానికి నాలుగైదు దారులకి మించి లేవు. అయినా ఏ గ్రంథాల్ని, ఏ భాగాల్ని, ఏ క్రమంలో ఎంచుకున్నామన్నదే పరిశోధనలో సగం శ్రమ. ఎంపిక కూడా కలిస్తే ఏమనాలి అన్నది సిన్హా ప్రశ్న. దానికి మూలం ఒకటే అనే సమాధానం సగమే సరిపోతుంది.

కోర్టు ఏమీ తేల్చలేదు. 1933లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. శ్యామాప్రసాద్ ముఖర్జీ మధ్యవర్తి అంటారు. ఆరోపణలు ఉపసంహరించుకున్నారు. రాజీ షరతులు లోకానికి చెప్పలేదు. కాబట్టి రాధాకృష్ణన్ దొంగ అని అనడానికి నాకు గాని, ఆయన ఏ మచ్చా లేకుండా బయటపడ్డారని అనడానికి ఆయన భక్తులకి గాని ఆధారం లేదు. ఏటా సెప్టెంబరు మొదటి వారంలో ఈ కథను సగం సగం చెప్పి ఆయనను తిట్టిపోసే ధోరణి ఒకటి ఇటీవల బలపడింది. అది నాకు నచ్చదు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నించి 1936 దాకా ఉపకులపతిగా ఉండి, హీరేన్ ముఖర్జీ వంటి సామ్యవాదిని వాల్తేరుకి తెచ్చి పాఠం చెప్పించిన సంగతి మనం మరిచిపోకూడదు.

నన్ను ఆపిన ప్రశ్న వేరే. ఆ నాలుగేళ్ళలో ఇద్దరూ ఎక్కడెక్కడ ఉన్నారు? ఒకరు ఆక్స్‌ఫర్డులో ఉపన్యాసాలిస్తున్నారు, 1931లో ఉపకులపతి అయ్యారు, అదే ఏడు సర్ బిరుదు వచ్చింది. ఇంకొకరు మీరట్‌లో లెక్చరరు. కలకత్తా నించి మీరట్ ఎంత దూరమో చూడండి. దావా నడపాలంటే సెలవు కావాలి, రైలు ఖర్చు కావాలి, వకీలు కావాలి. లక్ష రూపాయల ఎదురుదావా ఒకటి తల మీద ఉంది. ఆ రోజుల్లో లక్ష అంటే ఒక లెక్చరరు జీవితకాలంలో కూడబెట్టలేని సొమ్ము. ఇలాంటి రాజీని రెండు సమాన పక్షాల రాజీ అనడం నాకు చేతకాదు. సిన్హా ఆరోపణ అబద్ధమే అనుకోండి, అప్పుడు కూడా ఈ తూకం మారదు. పరీక్షకుడి చేతిలో విద్యార్థి రాతప్రతి ఉంది. ఆ విషయం మీదే పరీక్షకుడు పుస్తకం రాస్తున్నాడు. ఎవరి కాగితం ఎప్పటిదో చూపించే రికార్డు ఏ విశ్వవిద్యాలయంలోనూ లేదు. అవంతిసుందరి జాబితా అక్కడ గోడకి కట్టి ఉన్నట్టే ఉంది. ఒకరికి ప్రతిష్ఠ ఉంది, ఇంకొకరికి లేదు. ఒకరు నడిబొడ్డున ఉన్నారు, ఇంకొకరు దూరదేశంలో ఉన్నారు.

సిన్హా పత్రికకి ఎక్కకపోయి ఉంటే ఇదంతా గాలికి పోయేది. రామానంద ఛటర్జీ రెండు పక్షాల ఉత్తరాలూ వేసి, తన మీద దావా తెచ్చుకుని, అయినా వెనక్కి తగ్గలేదు. అలాంటి సంపాదకుడు ఉంటేనే కిందివాడి ప్రశ్న నలుగురికీ వినబడుతుంది. 1934లో సిన్హా ప్రత్యక్షజ్ఞానం మీద తన పుస్తకాన్ని లండన్‌లో తన పేరుతో అచ్చు వేయించుకున్నాడు. ఆ తర్వాత భారతీయ తత్వచరిత్ర సంపుటాలు రాశాడు. తత్వశాస్త్రం చదివేవాళ్ళు నేటికీ వాటిని తెరుస్తారు.

స్వాతంత్ర్యం వచ్చాక విశ్వవిద్యాలయాలు పెరిగాయి గాని ఈ సంబంధం మారలేదు. 2002లో కుమావూన్ విశ్వవిద్యాలయ ఉపకులపతి, భౌతికశాస్త్రవేత్త, తన పేరుతో వేసిన పత్రం స్టాన్‌ఫర్డ్ ఆచార్యురాలు ఒకరి 1996 నాటి పత్రానికి నకలని బయటపడింది. ముందు ఇబ్బందుల పాలైంది ఆయన కాదు, ఆ సంగతి లేవనెత్తిన శాఖాధిపతి. స్టాన్‌ఫర్డ్ నించి నోబెల్ గ్రహీతలతో సహా ఆచార్యులు నేరుగా రాష్ట్రపతి కలాంకి ఉత్తరం రాశాక గాని విచారణ కదల్లేదు. 2003లో ఆయన రాజీనామా చేశాడు. కుమావూన్ అధ్యాపకురాలి మాటకి లేని బరువు కాలిఫోర్నియా ఉత్తరానికి వచ్చింది. మన తిరుపతిలో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో, ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడు 2004 నించి 2007 దాకా విదేశీ పత్రికల్లో వేసిన 70కి పైగా పత్రాలు చౌర్యమో కల్పితమో అని 2008లో ప్రపంచానికంతటికీ తెలిసింది. అన్ని పత్రాలు అచ్చువేసిన ఆ పత్రికల సమీక్షకులు మూడేళ్ళపాటు ఏం చూశారో ఎవరూ నిలదీయలేదు.

2010లో యు.జి.సి. అధ్యాపకుల పదోన్నతికి మార్కుల పద్ధతి పెట్టింది. పత్రానికి ఇన్ని, పుస్తకానికి ఇన్ని, సదస్సుకి ఇన్ని. పంట కొలిచినట్టు పత్రాలు కొలవడం మొదలెట్టాక పత్రాలు అమ్మే అంగళ్ళు వెలిశాయి. డబ్బు కడితే వారంలో అచ్చు. ఈ అంగళ్ళని వేరుచేయడానికి ఆమోదిత పత్రికల జాబితా ఒకటి పెట్టారు; 2025 ఫిబ్రవరిలో దాన్నీ తీసేశారు. పిహెచ్.డి.కి ముందు పత్రం అచ్చు వేయాలన్న షరతును 2022లో ఎత్తేశారు. పెట్టడమూ తీయడమూ రెండూ ఢిల్లీలోనే జరిగాయి. ఇప్పుడు అడిగినదానికల్లా వ్యాసం అల్లిపెట్టే యంత్రాలు కూడా వచ్చాయి. ఇక నకలు పట్టే యంత్రం, నకలు రాసే యంత్రం ఒకదానితో ఒకటి తలపడతాయి. మధ్యలో చదివే మనిషి అవసరం ఎవరికీ కనబడడం లేదు.

అంతకన్నా గౌరవప్రదమైన దోపిడి ఇంకొకటి ఉంది. దానికి రశీదు కూడా ఇస్తారు. ప్రజల పన్నుల సొమ్ముతో పరిశోధన జరుగుతుంది. పరిశోధకుడు పత్రం రాసి ప్రచురణకర్తకి హక్కులు రాసిస్తాడు. తోటి పరిశోధకులు ఊరికే సమీక్ష చేసిపెడతారు. ఆ పత్రాన్నే మళ్ళీ ప్రజల సొమ్ముతో గ్రంథాలయాలు కొనాలి. 2024 నవంబరులో కేంద్రప్రభుత్వం మూడేళ్ళకి 6,000 కోట్ల రూపాయలు కేటాయించి 30 మంది ప్రచురణకర్తల నించి 13,000 పత్రికలకి దేశవ్యాప్త చందా కట్టే పథకం ఆమోదించింది. విద్యార్థులకి చదువుకునే వీలు కలిగినందుకు సంతోషమే. కాని రాసినవాడికి పైసా ఇవ్వని సరుకుకి ఇంత వెల ఎలా వచ్చిందని అడిగేవాళ్ళు లేరు. పత్రంలో ఒక పేరా ఎత్తినవాడికి ఇంక్రిమెంటు కోస్తాం. పత్రం మొత్తం ఎత్తుకున్నవాడికి చందా కడతాం.

తెలుగు శాఖల గొడవ దీనికి భిన్నమేమీ కాదు, కాస్త పేదది. మన పాత థీసిస్‌లు చాలావరకు టైపు ప్రతులుగా బీరువాల్లో ఉండిపోయాయి. శోధ్‌గంగలో పెట్టినవి కూడా చాలావరకు పేజీల బొమ్మలే. ఆ అక్షరాల్ని యంత్రం సరిగా చదవలేదు. అందుచేత తెలుగు నించి తెలుగులోకి ఎత్తినా, తెలుగు నించి ఇంగ్లీషులోకి ఎత్తినా శాతం సున్నా చూపించవచ్చు. ఆదరం లేని భాష నించి తెచ్చుకోవచ్చునన్న పాత కారణం ఇక్కడ అక్షరాలా పనిచేస్తోంది. నాకు తెలిసిన ఒక మిత్రురాలు బడిపంతులు ఉద్యోగం చేసుకుంటూ ఏడేళ్ళు శ్రమించి స్త్రీల పాటల మీద థీసిస్ రాసింది. పట్టా చేతికి రాకముందే అందులో ఒక అధ్యాయం ఆమె గైడు సదస్సు పత్రంగా వచ్చింది. చివర్లో ఆమెకి కృతజ్ఞతలు ఉన్నాయి. ఆమె ఫిర్యాదు చేయలేదు. మౌఖిక పరీక్ష ఇంకా కాలేదు మరి.

ఆ మిత్రురాలిని నేను ఒకటి అడిగాను. ఆ పాటలు నీకు పాడి వినిపించిన ఆడవాళ్ళ మాటేమిటి అని. థీసిస్ చివర అనుబంధంలో ఉన్నారంది. పేరు, వయసు, కులం, ఊరు, పాడిన తేదీ, మొత్తం నలభైమందికి పైగా. జానపద విజ్ఞానం థీసిస్‌లన్నిటిలో ఆ పట్టిక ఉంటుంది, పరీక్షకులు అడుగుతారు కాబట్టి. ఆ థీసిస్ పుస్తకంగా అచ్చుకి వెళ్ళేటప్పుడు కాగితం ఖర్చు తగ్గించమని ప్రచురణకర్త అంటాడు. అప్పుడు మొదట తీసేసేది ఆ అనుబంధాన్నే.